ఎనిమిది గ్లాసుల పద్యం: 'దాహశమని' అను టీకా తాత్పర్య సహితం

అవతారిక

కర్త ఎవరో తెలియదు. కాలం తెలియదు. ప్రతులు మాత్రం లెక్కలేనన్ని. పొద్దున్నే పార్కులో నడిచేవారు నడవనివారికి చెబుతారు. బీపీ చూపించుకుందామని వెళితే, డాక్టరుగారు లోపలికి పిలిచేలోగా కాంపౌండరు చెబుతాడు. పెళ్లికూతురి ముఖం నిగనిగలాడుతోందని ఎవరైనా మెచ్చుకుంటే పక్కనున్న పిన్నిగారు "రోజూ ఎనిమిది గ్లాసుల నీళ్లండీ, అంతే" అని గుట్టు విప్పుతారు. మొదట అన్నదెవరని అడిగితే "అందరూ అంటారు కదా" అనే జవాబు. మీమాంసకులు వేదానికి చెప్పిన లక్షణం దీనికీ అతికినట్టు సరిపోయింది. కర్త కనబడడు కాబట్టి అపౌరుషేయం. అపౌరుషేయం కాబట్టి ఎదురు ప్రశ్న వేయరాదు.

ఇంతటి వాక్యానికి టీక లేకపోవడం లోటే. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆ మాటలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత నిలబెట్టుకుంటాడు. రెండో సగాన్ని కూడా నిలబెట్టుకుంటే ఈ వ్యాఖ్యే ఉండదు. జనం నోట వచనంగా నలుగుతున్న మాటను ఆటవెలదిలో బిగించింది కూడా వ్యాఖ్యాతే. వచనానికి టీక రాస్తే పండితులు నవ్వుతారని భయం.

మూలం

నీళ్లు తాగవలయు నిత్యమ్ము నెనిమిది
గ్లాసు లెండనైన గాలినైన
దప్పి గలుగు ముందె తప్పక లెక్కగా
తాగినట్టివాఁడె ధన్యుఁ డిలను

ప్రతిపదార్థం

నిత్యమ్మున్ = ప్రతిదినమును (పండుగలు, ఉపవాసాలు, రైలు ప్రయాణాలు మినహాయింపు కావు); ఎనిమిది గ్లాసులు = ఎనిమిది పాత్రల పరిమాణము గల; నీళ్లు = ఉదకము; ఎండనైనన్ = వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నమందైనను; గాలినైనన్ = ఏసీ గాలి తగులు గదియందైనను; దప్పి = దాహము; కలుగు ముందె = పుట్టకమునుపే; తప్పక = మానక; లెక్కగాన్ = ఒకటి రెండు అని ఎంచుచు; తాగవలయున్ = పానము చేయవలెను; తాగినట్టివాఁడె = అట్లు తాగినవాఁడు మాత్రమే; ఇలను = భూమియందు; ధన్యుఁడు = కృతార్థుఁడు.

తాత్పర్యం: రోజూ ఎనిమిది గ్లాసులు తాగితే బాగుపడతారు.

ఛందస్సు: ఆటవెలది. మొదటి పాదం చివరి 'ఎనిమిది' తర్వాత 'గ్లా' అనే సంయుక్తాక్షరం వచ్చింది కదా, 'ది' గురువు కాదా అని శంక. గురువు కాకపోతే నలం, అయితే నగం. రెండూ ఇంద్రగణాలే. పద్యంలో ఎటునుంచి చూసినా నికరంగా తేలిన లెక్క ఇదొక్కటే.

అలంకారం: అతిశయోక్తి. రసం: శాంతమని కొందరు. చారు అని వ్యాఖ్యాత మతం. అది ముందుముందు తెలుస్తుంది.

విశేషాలు

'ఎనిమిది': పద్యానికి ఆయువుపట్టు ఈ పదం. ఏడు కాకుండా, తొమ్మిది కాకుండా ఎనిమిదే ఎందుకు? అష్టదిగ్గజాలు, అష్టావధానం, అష్టైశ్వర్యాలు విని పెరిగిన చెవికి ఎనిమిది అంటే అనుమానం పుట్టదు. పైగా మన వైద్యగ్రంథాల్లో వెతికితే నీళ్లకు సంబంధించిన ఎనిమిది ఒకటి నిజంగానే దొరుకుతుంది. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు భావప్రకాశంలో, సూర్యోదయ వేళ ఎనిమిది ప్రసృతుల నీళ్లు తాగేవాడు రోగమూ ముదిమీ లేకుండా నూరేళ్లు బతుకుతాడన్నాడు. ప్రసృతి అంటే పుడిసిలి. వైద్యుల కొలతలో రెండు పలాలు, ఇప్పటి లెక్కలో సుమారు 96 మిల్లీలీటర్లు. ఎనిమిది పుడిసిళ్లు కలిపితే ముప్పాతిక లీటరు దాటి ఓ గుక్కెడు. పూర్వపాఠం 'పుడిసిళ్లు' అనీ, ఎవరో లేఖకుడు దాన్ని 'గ్లాసులు' అని దిద్దాడనీ వాదించాలని వ్యాఖ్యాతకు నోరూరింది. ఆధారం లేనిది రాయనన్న మాట అడ్డొచ్చింది. భావమిశ్రుడి ఎనిమిది తెల్లవారి ఒక్కసారికి చెప్పింది. మన పద్యంలోని ఎనిమిది రోజు మొత్తానికి చెప్పింది, అది వేరే ఊరినుంచి వచ్చింది.

ఆ ఊరు అమెరికా. అక్కడి నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో ఆహార పోషణ మండలి ఒకటి ఉండేది. 1945లో ఆ మండలి చేసిన సిఫారసు సారాంశం ఇది: పెద్దవారికి చాలా సందర్భాల్లో రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుంది, మామూలు కొలమానం, తిన్న కెలోరీకి ఒక మిల్లీలీటరు. దీని వెంటే ఇంకో వాక్యం ఉంది. ఆ నీటిలో ఎక్కువ భాగం వండుకుని తినే ఆహారంలోనే ఉంటుందని దాని భావం.

తాళపత్రాలతో పని పడినవారికి ఈ కథ కొత్త కాదు. ఆకు అంచు విరుగుతుంది, చివరి పాదం పోతుంది, మిగిలిన మూడు పాదాలకు రాసుకున్నవాళ్లు రాసుకున్నంత వ్యాఖ్య. ఇక్కడ మొదటి వాక్యం లోకమంతా తిరిగింది. చివరి వాక్యం ఆకు అంచుతోపాటు రాలింది. రెండున్నర లీటర్లు గ్లాసుల్లోకి మారాయి, గ్లాసులు ఎనిమిది దగ్గర ఆగాయి, తిండిలోని నీళ్ల ఊసు ఎవరికీ పట్టలేదు. 1974లో ఫ్రెడరిక్ స్టేర్, మార్గరెట్ మెక్‌విలియమ్స్ అనే పోషకాహార నిపుణులు తమ పుస్తకంలో ఆరు నుంచి ఎనిమిది గ్లాసులని రాసినప్పుడు, కాఫీ, టీ, పాలు, చివరికి బీరు కూడా ఆ లెక్కలోకే వస్తాయనీ, పళ్లూ కూరగాయల్లోనూ నీళ్లుంటాయనీ విప్పి చెప్పారు. అదీ రాలిపోయింది. ఈ పద్యానికి రాలడం జాతకంలోనే ఉన్నట్టుంది.

మూత్రపిండాల పనితీరు మీద జీవితమంతా పనిచేసిన డార్ట్‌మత్ ఆచార్యుడు హైన్జ్ వాల్టిన్ 2002లో ఈ ఎనిమిదికి శాస్త్రాధారం వెతుకుతూ పోయాడు. చల్లని ప్రాంతాల్లో, ఒళ్లు వంచని పనుల్లో ఉన్న ఆరోగ్యవంతులు ఇన్ని నీళ్లు తాగి తీరాలనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదని తేల్చాడు. మూలం 1945 నాటి ఆ సిఫారసే కావచ్చనీ, ఆఖరి వాక్యం ఎవరూ చదివి ఉండరనీ ఆయన ఊహ. మల్లినాథుడు వింటే వీపు తట్టేవాడు.

అయితే మన హైదరాబాదు మాటేమిటి అని శంక. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆషామాషీది కాదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2011లో ఆ సంస్థ తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఆరోగ్యవంతుడికి రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు అని ఉన్న మాట నిజమే. సమాధానం: అక్కడే, ఎండలు ముదిరినప్పుడూ, ఒళ్లు అలిసే పని చేసేటప్పుడూ చెమట ఎంత పోతే అంత అవసరం పెరుగుతుందని కూడా ఉంది. 'సుమారు' అనే పదమూ ఉంది. పద్యంలో 'సుమారు' లేదు, 'తప్పక' ఉంది. పండితుడు 'సుమారు' అంటే పామరుడు 'తప్పక' అని వింటాడు. టీకలు పుట్టేది అందుకే.

పాఠాంతరాలు: అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ 2004లో మగవారికి 3.7 లీటర్లు, ఆడవారికి 2.7 లీటర్లు అన్నది. అందులో అయిదో వంతు తిండినుంచే వస్తుందన్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో మగవారికి రెండున్నర, ఆడవారికి రెండు లీటర్లు అన్నది. అదీ తిండితో కలిపే. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన 23 దేశాల్లో 5,604 మందిని లెక్కలోకి తీసుకుంది. వారిలో ఎనిమిది రోజుల పసికందు నుంచి 96 ఏళ్ల వృద్ధుల దాకా ఉన్నారు. గుర్తుపట్టడానికి వీలైన బరువైన నీళ్లు తాగించి, అవి ఒంట్లోంచి ఎంత త్వరగా పోతున్నాయో చూశారు. వయసు, ఒళ్లు, పని, ఎండ, తేమ, ఎత్తు, అన్నిటినీ బట్టి నీళ్ల అవసరం మారిపోతోందని తేలింది. అందరికీ ఒకే అంకె అనే పాఠం ఏ ప్రతిలోనూ నిలవలేదు.

ఇక రసం సంగతి. తెలుగు భోజనం అడుగునుంచి పైదాకా నీళ్లే. ఉడికిన అన్నంలో మూడింట రెండు వంతులకు పైగా నీరు. సొరకాయ, బీరకాయ, దోసకాయ నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లు. వాటిని పప్పులో వేస్తే పప్పుతో, పులుసులో వేస్తే పులుసుతో లోపలికి పోతాయి. ఆపైన చారు, ఆపైన మజ్జిగ. నడుమ రెండు కప్పుల టీ. టీ కాఫీలు తాగినదానికంటే ఎక్కువ నీటిని బయటకు తోసేస్తాయని ఒక అపప్రథ ఉంది. అలవాటు పడ్డవారిలో అది నిజం కాదు. రాయలసీమలో రాగి అంబలి తాగి పొలానికి వెళ్లిన రైతు, నీళ్లను వేరుగా గ్లాసుల్లో లెక్కపెట్టుకోలేదని పద్యకర్త దృష్టిలో అధన్యుడు. రొట్టె ముక్క, వేపిన మాంసం తినే దేశంలో కూడా తిండిలో నీళ్లున్నాయని రాశారు. చారన్నం మజ్జిగన్నం తినే దేశంలో ఆ మాట మరిచిపోయారు. అందుకే ఈ పద్యంలో రసం చారు అనడం.

'గ్లాసు': ఏ గ్లాసు? పద్యం పుట్టిన దేశంలో గ్లాసంటే ఎనిమిది ఔన్సులు, అంటే 237 మిల్లీలీటర్లు. మన దేశంలో పెళ్లి పందిట్లో వేసే కాగితపు గ్లాసు ఒకటి, మెస్సులో టేబులు మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటి, తాతగారి కంచు గ్లాసు ఇంకొకటి. కంచు గ్లాసులు ఎనిమిది తాగినవాడు పగలంతా పెరట్లోనే ఉంటాడు. ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

'ఎండనైన గాలినైన': పద్యంలో దోషం ఏదైనా ఉంటే ఇక్కడుంది. ఈ రెండు మాటల్లో కవి సమత్వం చూపాడని కొందరు మెచ్చుకుంటారు. భగవద్గీత చెప్పిన సమత్వం మనసుకు, మూత్రపిండానికి కాదు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం వింత కాదు. ఎండలో పనిచేసేవారికి అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పేది, పదిహేను ఇరవై నిమిషాలకొక గ్లాసు చొప్పున తాగమని. ఆ లెక్కన మన పద్యం వారికి రెండు రెండున్నర గంటల్లో పూర్తవుతుంది. పొద్దున ఏడింటికి పలుగు పట్టినవారు పదింటికల్లా ధన్యులైపోతారు. ఆ తరువాత ఏం చేయాలో కవి చెప్పలేదు. హైటెక్ సిటీలో పద్దెనిమిది డిగ్రీల గదిలో కూర్చున్న ఉద్యోగికీ ఆ ఎనిమిదే. అతను తాగుతాడు. తాగి లేచి వెళతాడు. వచ్చి మళ్లీ తాగుతాడు.

వాగ్భటుడు ఇంత మొండిగా లేడు. అష్టాంగహృదయంలో నీళ్ల గుణాలు చెప్పే అధ్యాయంలో, శరత్తులోనూ గ్రీష్మంలోనూ తప్ప ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా నీళ్లు తక్కువగానే తాగాలన్నాడు. ఇది విన్నాక 'ఆయుర్వేదం రోజుకు నాలుగు లీటర్లు తాగమంది' అని ఫోన్లలో తిరిగే సందేశాల వంక ఎవరైనా కాస్త చురుగ్గా చూడాలి. భోజనానికి ముందు తాగేవాడు చిక్కుతాడనీ, మధ్యలో తాగేవాడు సమంగా ఉంటాడనీ, చివర తాగేవాడు లావెక్కుతాడనీ కూడా వాగ్భటుడే అన్నాడు. అన్నం తింటూ నీళ్లు తాగితే అమ్మమ్మ ఎందుకు కసిరేదో దీనివల్ల తేలదు. ఆమె వేరే శాఖకు చెందింది.

'దప్పి గలుగు ముందె': దాహం వేసేసరికే ఆలస్యమైపోయింది, ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి అని దీని అంతరార్థం చెబుతారు. దాహాన్ని చివరి ఘట్టంలో వచ్చే విదూషకుడిలా చూపే ఈ వ్యాఖ్యానాన్ని మనం అంగీకరించం. దాహం నాందిలోనే ఉంటుంది.

ఎలాగో వినండి. రక్తంలో ఉప్పు మొదలైన వాటి చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో ఉన్న కణాలు పసిగడతాయి. ముందుగా పీయూష గ్రంథినుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. నీళ్లు పట్టి ఉంచమని మూత్రపిండాలకు అది ఆజ్ఞ. ఆ తర్వాత దాహం. వైద్యులు నిర్జలీకరణం అని పేరు పెట్టే దశకు చిక్కదనం అయిదు శాతం దాకా పెరగాలని వాల్టిన్ చూపాడు. అంటే దాహం ప్రమాదానికి ఎంతో ముందే వచ్చి తలుపు తడుతోంది.

మూత్రపిండాల సంగతి చెప్పకుండా ఈ ఘట్టం దాటితే పాపం. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని అవి వడగడతాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర లీటరు మాత్రం బయటకు వదులుతాయి. నీళ్లు తక్కువైతే ఆ ఒకటిన్నరను అర లీటరుకు దించుతాయి, ఎక్కువైతే పెంచుతాయి. చిక్కగా, పలచగా, ఏ పూటకాపూట. ఎవరూ గ్లాసులు లెక్కపెట్టని కాలంలో మనిషి బతికింది ఈ పద్దు మీదే.

దాహం తీరడంలో ఇంకా చిత్రం ఉంది. ఎండన పడి వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తి గడగడా తాగితే, క్షణాల్లో 'హమ్మయ్య' అంటాం. ఆ నీళ్లు రక్తంలోకి ఇంకడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అంటే ఒంట్లోకి చేరాక కాదు, చేరబోతున్నాయని తెలిసినప్పుడే దాహం తగ్గింది. నోరూ గొంతూ ఎన్ని గుటకలు దిగాయో చూసి మెదడుకు ముందస్తు కబురు పంపుతాయి. కబురు ఆలస్యమైతే మనం కడుపు పగిలేలా తాగుతూనే ఉండేవాళ్లం. దీనికంటే మేలైన కొలపాత్ర ఏ కంచరీ పోయలేదు.

'తప్పక లెక్కగా': నా మేనకోడలి దగ్గర రెండు లీటర్ల సీసా ఉంది. దాని ఒంటి నిండా గీతలు, గీత పక్కన వేళలు: తొమ్మిది, పదకొండు, ఒంటిగంట. పద్యానికి ఇది యంత్రరూపం. భోజనానికి పిలిస్తే "ఉండు మామయ్యా, ఒంటిగంట గీత ఇంకా దిగలేదు" అంటుంది. చేతి గడియారం కూడా గంటకోసారి గుర్తు చేస్తుంది. దాహం మాత్రం ఎవరూ అడగనందువల్ల మాట్లాడదు.

లెక్కగా తాగడంలో పెద్ద హాని లేదు, లేవడమే ఎక్కువ. కానీ లెక్క పట్టుదలగా మారితే వేరే మాట. మూత్రపిండాలు గంటకు మహా అయితే లీటరు దాకా వదలగలవు. అంతకుమించి గబగబా పోస్తూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది, మెదడు ఉబ్బుతుంది. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే, నూటికి పదమూడు మందిలో సోడియం తగ్గి ఉంది. దారి పొడుగునా విడవకుండా తాగినవారిలోనే ఇది ఎక్కువ. అదే విరేచనాలతో పడిపోయిన బిడ్డకు ఉట్టి నీళ్లు చాలవు. లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలవాలి. ఆ పాళ్లు కుదిరితేనే పేగు నీటిని లోపలికి తీసుకుంటుంది. పద్యంలో ఉప్పు మాటే లేదు.

ప్రతిపక్షానికి ఇవ్వవలసింది ఇవ్వాలి. లెక్క నిజంగా అవసరమైనవారు ఉన్నారు. కిడ్నీలో ఒకసారి రాయి వచ్చినవారు అందులో మొదటివారు. ఇటలీలో చేసి 1996లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు పెంచినవారిలో అయిదేళ్లలో పన్నెండు శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. ఏ మార్పూ చేయనివారిలో ఇరవై ఏడు శాతం మందికి వచ్చింది. గమనించాలి, అక్కడ కూడా కొలిచింది తాగిన గ్లాసుల్ని కాదు, వదిలిన మూత్రాన్ని. గుండె నీరసించినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి లెక్క తలకిందులు; వారికి ఎనిమిది గ్లాసులే ప్రమాదం కావచ్చు. వారికి డాక్టరు రాసిచ్చిన చీటీయే శ్రుతి, ఈ పద్యం స్మృతి కూడా కాదు.

'నీళ్లు': కవి 'నీళ్లు' అన్నాడు, 'మంచినీళ్లు' అనలేదు. గణం కోసం వదిలాడని సర్దుకుందామనిపిస్తుంది, కానీ తెలుగు దేశంలో ఇది సర్దుకోదగిన తప్పు కాదు. సంస్కృత నిఘంటువులు విష శబ్దానికి నీరని కూడా అర్థం చెబుతాయి. ఆ శ్లేష నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బతుకుగా మారింది. రాతిలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలో కరిగి, పళ్లను గార పట్టించింది, ఎముకలను వంచింది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెడుతూనే, వేడి దేశాల్లో జనం ఎక్కువ నీళ్లు తాగుతారు కాబట్టి ఆ హద్దును అక్కడి తాగుడును బట్టి సవరించుకోవాలని కూడా చెప్పింది. అక్కడ ప్రతి గ్లాసూ పద్యం ప్రకారం పుణ్యం, ఎముక ప్రకారం అప్పు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. ఊరికి ఒక శాస్త్రపద్ధతిలో పేరు దక్కడం గౌరవమే, ఆ దక్కిన కారణం తలుచుకోకపోతే. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ, పల్లెల్లో తలకు రోజుకు వంద లీటర్ల నదినీరు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ వందలో తాగేది మూడో నాలుగో లీటర్లు. ఎన్ని గ్లాసులు అన్న ప్రశ్న ఆ నీళ్లు వచ్చిన ఇంట్లోనే పుడుతుంది. రాని ఇంట్లో ప్రశ్న, ఎన్ని బిందెలు అని.

'ధన్యుఁడు': తాగినట్టివాఁడె అని ఏవకారం వేసి, తక్కినవారందరినీ కవి అధన్యుల్ని చేశాడు. ఇది అన్యాయం. దాహమైనప్పుడు తాగి, మూత్రం లేత పసుపులో ఉన్నదాకా నిశ్చింతగా ఉండే ఆరోగ్యవంతుడు లెక్క లేకుండానే ధన్యుడు. అతనికి ఈ పద్యంతో పని లేదు.

ఒక్క వర్గానికి మాత్రం 'దప్పి గలుగు ముందె' అన్న మాట అక్షరాలా వర్తిస్తుంది. డెబ్బై దాటినవారిలో దాహం మొద్దుబారుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గుతున్నా అడగాలని తోచదు. రాత్రి పదిసార్లు లేవాల్సి వస్తుందని కొందరు కావాలనే తాగరు. వడగాడ్పుల రోజుల్లో మీ ఇంట్లో అలాంటి పెద్దవారుంటే, "దాహంగా ఉందా" అని అడగకండి, లేదనే అంటారు. మజ్జిగో, మంచినీళ్లో గంట గంటకూ గ్లాసులో పోసి చేతికివ్వండి, తాగేదాకా పక్కన కూర్చోండి. డాక్టరు నీళ్లకు హద్దు పెట్టి ఉంటే మాత్రం ఆ హద్దు దాటకండి.